ఫెర్రిటిన్ 9 నుంచి 12: మూడో ప్రయత్నం, ఐసు ముక్కల లెక్క

రిపోర్టు నిన్న సాయంత్రం వచ్చింది. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ 12.

ఎనిమిది వారాల పాటు ఒక్క ఐరన్ డోసు కూడా తప్పకుండా వేసుకుంటే 9 కాస్తా 12 అయింది. హిమోగ్లోబిన్ 11.0 ఉండేది, 11.1కి వచ్చింది. ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంత నిండిందన్న లెక్క) 9 శాతం నుంచి 11 శాతం. ఈసారి కనీసం 25 దాటుతుందని గట్టిగా నమ్మాను. వేళలు, మధ్యలో గ్యాప్‌లు, విటమిన్ సి, అన్నీ రాసుకుని మరీ పాటించాను మరి. రిపోర్టు చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. కాస్త తేరుకున్నాక రాత్రి పదింటికి నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాను. అందులో అంతకుముందు పట్టించుకోని ఒక సంగతి కనిపించింది. ఈ నెల లాగ్ అంతా దాని గురించే.

బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసి పేగును దారి మళ్లించే రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్ సర్జరీ అయి నాకిప్పుడు 19 నెలలు. మిగతావి దారిలో పడ్డాయి. బి12 నాలుక కింద పెట్టుకునే 1000 మైక్రోగ్రాముల మాత్రతో 190 నుంచి 540కి వెళ్లింది. విటమిన్ డి 36. ప్రొటీన్ రోజుకు 70 గ్రాములకు తగ్గడం లేదు. ఐదో నెలలో ఊడిన జుట్టు మళ్లీ వచ్చింది. మొండికేసింది ఐరన్ ఒక్కటే.

నీరసం అని ఒక్క ముక్కలో చెబితే ఎవరికీ అర్థం కాదు కాబట్టి నేను కొలుస్తున్నాను. ఇంట్లో ఉన్న ఇండోర్ సైకిల్ మీద ప్రతి ఆదివారం పొద్దున 90 వాట్ల దగ్గర 20 నిమిషాలు తొక్కుతాను. అదే ఫ్యాను, అదే సీటు ఎత్తు. పదో నెలలో సగటు గుండె వేగం 131. ఫెర్రిటిన్ 9కి పడిపోయినప్పుడు అదే పనికి 149. మొన్న ఆదివారం 147. బరువు తూచే మెషీన్ నాకు ఏడాదిగా శుభవార్తలే చెబుతోంది, ఈ సైకిల్ మాత్రం నిజం చెబుతోంది. రెండంతస్తులు ఎక్కితే రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోవడం, మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతలు పడిపోవడం, రాత్రి పడుకున్నాక కాళ్లు కదపకుండా ఉండలేకపోవడం, ఇవన్నీ ఆ 147లోనే ఉన్నాయి.

మొదటి రెండు ప్రయత్నాలు

మొదటిది అసలు ప్రయత్నమే కాదు. మల్టీవిటమిన్‌లో ఉన్న 45 మి.గ్రా. ఐరనే చాలనుకున్నాను. సర్జరీకి ముందు 62 ఉన్న ఫెర్రిటిన్ ఆరో నెలలో 41, పన్నెండో నెలలో 19. అప్పటికి హిమోగ్లోబిన్ 12.2 ఉంది, "నార్మల్" అని రిపోర్టులో పక్కన రాసి ఉంది, నేనూ ఊరుకున్నాను. ఇప్పుడే సర్జరీ అయినవాళ్లకు ఒక్క మాట: హిమోగ్లోబిన్ పడేది నిల్వలన్నీ ఖాళీ అయ్యాక. ఫెర్రిటిన్ ఎటు వెళ్తోందో చూడండి, ఒక్కసారి వచ్చిన అంకెను కాదు.

రెండోది ఫెర్రస్ సల్ఫేట్, 65 మి.గ్రా. ఎలిమెంటల్ (అంటే మాత్రలోని అసలు ఐరన్ బరువు), రోజుకు రెండుసార్లు. మలబద్ధకం, వికారం భరించాను. పదిహేనో నెలలో 11, పదిహేడో నెలలో 9.

మూడో ప్రయత్నం

ఒక డోసు ఐరన్ లోపలికి వెళ్లగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. అది దాదాపు ఒక రోజు పాటు పేగు నుంచి ఐరన్ రక్తంలోకి రాకుండా అడ్డుపడుతుంది. అంటే పొద్దున డోసు వేసుకుని సాయంత్రం మళ్లీ వేసుకుంటే రెండోదానిలో చాలా భాగం వృథా. అందుకే రోజు విడిచి రోజు వేసుకునే పద్ధతి వచ్చింది. దాన్ని పరీక్షించింది సర్జరీ కాని, ఐరన్ తక్కువగా ఉన్న ఆడవాళ్ల మీద. బైపాస్ అయిన మనకు డ్యుయోడినమ్, అంటే ఐరన్‌ను ఎక్కువగా పీల్చుకునే చిన్నపేగు మొదటి భాగం, పక్కకు వెళ్లిపోయింది. సర్జరీ తర్వాత మిగిలిన చిన్న పొట్ట సంచిలో (పౌచ్) యాసిడ్ కూడా తక్కువే. అయినా డాక్టర్ గారు సరేనన్నారు కాబట్టి మొదలుపెట్టాను.

మాత్ర మార్చాను. సోల్గార్ జెంటిల్ ఐరన్, బిస్‌గ్లైసినేట్ రూపం, 25 మి.గ్రా. క్యాప్సూల్స్ రెండు. పొట్టకు ఇంత తేలికగా ఉన్న ఐరన్ నేను ఇంతవరకు వాడలేదు, ఎనిమిది వారాల్లో ఒక్కరోజు కూడా వికారం రాలేదు. ఫలితం రాకపోవడానికి మాత్రను తప్పు పట్టడం లేదు.

నా టైమింగ్ ఇది. పొద్దున 5:45కి ఖాళీ కడుపుతో 50 మి.గ్రా. ఐరన్, 250 మి.గ్రా. విటమిన్ సి, 120 మి.లీ. నీళ్లు. కాఫీ 8:15కి. ఇంతకుముందు నలభై నిమిషాలకే తాగేసేదాన్ని, అది మానడమే అన్నిటికన్నా కష్టమైంది. కాల్షియం సిట్రేట్ 500 మి.గ్రా. చొప్పున 11 గంటలకు, 3:30కి, రాత్రి 8కి. మల్టీవిటమిన్ మధ్యాహ్నం ఒంటిగంటకు. కాల్షియం విషయంలో నా అభిప్రాయం మారదు: బైపాస్ అయినవాళ్లు కార్బొనేట్ జోలికి వెళ్లొద్దు, దానికి యాసిడ్ కావాలి. సిట్రేట్ మాత్రలు పెద్దవిగా ఉంటాయన్నది నిజమే, సిట్రకాల్ పెటీట్స్ లాంటి చిన్న మాత్రలు తీసుకుంటే గొంతుకు ఇబ్బంది ఉండదు. గమ్మీల మీద నాకు నమ్మకం లేదు. చాలా వాటిలో ఐరనే ఉండదు, లేబుల్ తిప్పి చూడండి.

ఇందులో ఒక పెద్ద తప్పు ఉంది, నిన్న రాత్రి వరకు నాకు తట్టలేదు. రోజు విడిచి రోజు అని రాసుకున్నాను కానీ ఒంటిగంట మల్టీవిటమిన్‌లోని 45 మి.గ్రా. ఐరన్ రోజూ వెళ్తూనే ఉంది. హెప్సిడిన్‌కు ఆ మాత్ర వేరు, ఈ మాత్ర వేరు అని ఉండదు కదా. అంటే నేను పరీక్షించానని అనుకున్న పద్ధతిని నిజానికి పరీక్షించనే లేదు.

అనుమానితులు

డాక్టర్ గారు, నేను కలిసి ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చాం. యాసిడ్ తగ్గించే మాత్ర పద్నాలుగో నెలలోనే ఆయన చెప్పాక ఆపేశాను. ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ పరీక్ష 1.2, అంటే వాపు వల్ల ఫెర్రిటిన్ దొంగ అంకె చూపించడం లేదు, ఈ 12 నిజమైన 12. పొట్టలో చేరే హెలికోబాక్టర్ పైలోరి బ్యాక్టీరియా నెగెటివ్, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు యాంటీబాడీలు నెగెటివ్. కుట్టు దగ్గర అల్సర్ ఏర్పడి రక్తం కారుతోందేమోనని మలంలో రక్తం పరీక్ష కూడా చేయించారు, నెగెటివ్.

కాపర్ గురించి ఎక్కువ టెన్షన్ పడ్డాను. జుట్టు ఊడినప్పుడు ఎవరో చెప్పారని నాలుగు నెలలు రోజుకు 50 మి.గ్రా. జింక్ విడిగా వేసుకున్నాను. జింక్ ఎక్కువైతే కాపర్ శోషణ పడిపోతుంది. కాపర్ తగ్గితే రక్తహీనత వస్తుంది, నరాలు కూడా దెబ్బతింటాయి. ఆ రక్తహీనత ఎంత ఐరన్ పోసినా లొంగదు. 8 నుంచి 15 మి.గ్రా. జింక్‌కు 1 మి.గ్రా. కాపర్ అన్నది పాటించాల్సిన నిష్పత్తి. అదృష్టం, కాపర్ 96 వచ్చింది. అప్పటి నుంచి విడిగా జింక్ బంద్. జుట్టు కోసం తీసుకున్న బయోటిన్ కూడా పరీక్షకు రక్తం ఇవ్వడానికి మూడు రోజుల ముందే ఆపాను. కొన్ని ల్యాబ్ పరీక్షల అంకెలను అది తారుమారు చేస్తుంది.

ఐసు ముక్కలు

ఇక అసలు సంగతి. ఫెర్రిటిన్ 20 కిందికి దిగినప్పటి నుంచి నాకు ఐసు నమలాలన్న పిచ్చి పట్టింది. ఐరన్ లోపం ఉన్నవాళ్లలో చాలామందికి ఇది ఉంటుంది. ఐరన్ అందడం మొదలైతే తరచు హిమోగ్లోబిన్ కదలకముందే ఈ కోరిక తగ్గుతుంది. అందుకని ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి రోజూ ఎన్ని ముక్కలు నమిలానో గీతలు పెట్టాను. వారాల వారీగా రోజు సగటు: 22, 19, 17, 24, 20, 16, 15, 23.

మూడు వారాలు దిగుతూ వచ్చి నాలుగో వారం ఒక్కసారిగా పైకి. మళ్లీ దిగుతూ వచ్చి ఎనిమిదో వారం మళ్లీ పైకి. పక్కన సైకిల్ అంకెలు పెట్టి చూశాను: 149, 147, 146, 150, 148, 145, 144, 147. రెండూ ఒకే లయలో ఎక్కి దిగుతున్నాయి. నాలుగో వారం, ఎనిమిదో వారం నాకు పీరియడ్స్.

సర్జరీకి ముందు నాకు రెండు మూడు నెలలకోసారి వచ్చేవి. బరువు తగ్గాక 28 రోజులకు క్రమం తప్పకుండా వస్తున్నాయి, ఎక్కువగానూ అవుతున్నాయి. నేను దాన్ని ఆరోగ్యం బాగుపడిన గుర్తుగానే చూశాను, అది నిజం కూడా. కానీ ఏడాదికి నాలుగైదు సార్లు పోయే రక్తం ఇప్పుడు పదమూడు సార్లు పోతోంది. ఈ కోణంలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తప్పంతా పేగుదే అనుకుంటూ ఏడాది గడిపేశాను.

పీరియడ్స్‌లో వాడే కప్పు మీద మి.లీ. గీతలు ఉంటాయి కాబట్టి ఈ రెండు నెలలూ ఊరికే రాసిపెట్టుకున్న అంకెలు ఇప్పుడు పనికొచ్చాయి: 165, 178. మొత్తం 343 మి.లీ. అందులో అంతా రక్తం కాదు, సుమారు సగమే. అంటే 170 మి.లీ. రక్తం. నెలకు 80 దాటితేనే ఎక్కువ కిందికి వస్తుంది, నాది 85. హిమోగ్లోబిన్ 11 ఉన్నప్పుడు ఒక మి.లీ. రక్తంలో సుమారు 0.37 మి.గ్రా. ఐరన్ ఉంటుంది. 170 మి.లీ.కి 63 మి.గ్రా. చర్మం, పేగు కణాలు రాలిపోవడం వల్ల రోజుకు 1 మి.గ్రా. చొప్పున 56 రోజులకు 56. ఖర్చు మొత్తం దాదాపు 120 మి.గ్రా.

ఇక జమ. ఫెర్రిటిన్‌లో ఒక పాయింటు అంటే సుమారు 8 మి.గ్రా. నిల్వ, మూడు పాయింట్లకు 24. హిమోగ్లోబిన్ 0.1 పెరిగినందుకు ఇంకో 15. మిగులు 40 మి.గ్రా. అంటే ఎనిమిది వారాల్లో నా ఒంట్లోకి మొత్తం 160 మి.గ్రా. దాకా వెళ్లింది. క్యాప్సూల్స్ 1400, మల్టీవిటమిన్ 2520, కలిపి 3920 మి.గ్రా. మింగాను. తిండిలోంచి ఏమీ రాలేదనుకున్నా నాలుగు శాతమే పట్టింది.

ఉజ్జాయింపు లెక్కే, కానీ నాకు చాలా వివరించింది. పేగు పీల్చుకోవడం తక్కువే, నిజం. కానీ పీల్చుకున్న 160లో 63 పీరియడ్స్‌లో పోతోంది. అందులో సగం ఆపగలిగినా మిగులు 40 నుంచి 70కి పెరుగుతుంది, ఒక్క మాత్ర కూడా పెంచకుండానే. పైగా రక్తం ఇచ్చింది ఎనిమిదో వారం చివర్లో. 9 వచ్చిన పాత పరీక్ష రెండు పీరియడ్స్ మధ్యలో చేయించుకున్నది. రెంటినీ పోల్చడమే సరికాదేమో.

తర్వాత

ఫెర్రిటిన్ 50కి చేరాలంటే సుమారు 300 మి.గ్రా., హిమోగ్లోబిన్ 13కి రావాలంటే ఇంకో 290. ఎనిమిది వారాలకు 40 చొప్పున నింపుకుంటూ పోతే రెండేళ్లు దాటుతుంది. అన్నాళ్లు మూడంటే మూడింటికే నిద్ర ముంచుకొస్తూ బతకలేను. అందుకని ఐవీ ఐరన్ (నరంలోకి ఎక్కించే ఐరన్) గురించి బుధవారం డాక్టర్ గారితో గట్టిగా మాట్లాడబోతున్నాను. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే రకం అయితే ఒకటి రెండు సార్లలో అయిపోతుంది. కానీ దానివల్ల రక్తంలో ఫాస్ఫేట్ పడిపోవచ్చు. ఫాస్ఫేట్ పడితే వచ్చేది మళ్లీ నీరసమే, కండరాల బలహీనతే. ఐరన్ ఎక్కించుకున్నాక కూడా ఓపిక రాకపోతే దాన్నీ చూడాలన్నమాట. ఎక్కించే ముందొకసారి, ఎక్కించిన రెండు వారాలకు ఇంకోసారి ఫాస్ఫేట్ చూడమని అడుగుతాను. ఐరన్ సుక్రోజ్‌తో ఆ బెడద తక్కువ, కానీ 200 మి.గ్రా. చొప్పున ఐదుసార్లు వెళ్లాలి. ప్రస్తుతానికి నా మనసు సుక్రోజ్ వైపే ఉంది.

దానికన్నా ముందు గైనకాలజిస్టు అపాయింట్‌మెంట్, ఈ శుక్రవారం. కప్పు అంకెలు, ఐసు కాగితం రెండూ పట్టుకెళ్తున్నాను. స్కాన్ ఎలాగూ చేస్తారు. బైపాస్ తర్వాత నోటితో వేసుకునే హార్మోన్ మాత్రలు ఎంత పడతాయన్నది నమ్మకంగా చెప్పలేం కాబట్టి గర్భాశయంలో అమర్చే హార్మోన్ ఐయూడీ గురించి అడగాలి.

మల్టీవిటమిన్‌ను ఐరన్ లేని రకానికి మార్చి, ఐరన్ మొత్తం రోజు విడిచి రోజు పొద్దున డోసులోకే తేవచ్చా అన్నది కూడా బుధవారం డాక్టర్ గారిని అడగాల్సిన లిస్టులో ఉంది. ఐవీ తర్వాత నాలుగు వారాల లోపు ఫెర్రిటిన్ చూడను, ఆ లోపు వచ్చే పెద్ద అంకెకు అర్థం లేదు. ఇకనుంచి రక్తం ఇచ్చేది పీరియడ్ మొదలైన 14వ రోజే, ప్రతిసారీ. ఫ్రిజ్ మీద కాగితం నిండింది, పొద్దున కొత్తది అంటించాను. ఇవాళ ఇప్పటికి 11 గీతలు.