కన్వర్టిబుల్‌కు సొంతంగా బాడీ రేకులు చేసుకున్న వైనం: నా అనుభవం

ఫోక్స్‌వ్యాగన్ కార్మాన్ గియా అనే పాత కారుకు విప్పుకునే ఫెండర్లు (చక్రాల పైన ఉండే రేకు భాగాలు) ఉండవు. దాని అన్న లాంటి బీటిల్‌కైతే నాలుగు మూలలా ఫెండర్లు బోల్టులతో బిగించి ఉంటాయి. ఒకటి పాడైతే విప్పేసి ఇంకొకటి తగిలించుకోవచ్చు. గియాలో ఆ వీలు లేదు. ముక్కు నుంచి తోక దాకా రేకు ముక్కలన్నీ ఒకదానికొకటి వెల్డ్ చేసి, అతుకుల మీద సీసం పూసి, ఆకురాయితో రాకి నునుపు చేశారు. రూపం ఇటలీలోని గియా స్టూడియోది, బాడీ కట్టింది జర్మనీలో ఓస్నాబ్రుక్‌లోని కార్మాన్ ఫ్యాక్టరీ, కింద ఉన్నది బీటిల్ యంత్రాలు. పైకప్పు కదలని కూపే 1955లో, గుడ్డ టాప్‌ను మడిచేయగలిగే కన్వర్టిబుల్ 1957లో మొదలయ్యాయి. 1974లో ఈ మోడల్ ఆగిపోయింది. చూడటానికి ఎక్కడా అతుకు కనపడని ఆ అందమే బాగుచేసేవాడికి శాపం. ఎక్కడ తుప్పు పట్టినా కొయ్యాల్సిందే, కొత్త ముక్క పెట్టి అతకాల్సిందే.

నా చేతికొచ్చిన గియా కన్వర్టిబుల్‌లో రెండు వైపులా సిల్స్ (తలుపుల కింద పొడుగునా ఉండే ఇనుప పెట్టెలు), ఒక వైపు తలుపు వెనక నుంచి చక్రం దాకా ఉన్న కింది భాగం, టాప్ గుడ్డ వెనక అంచు బిగించే చోట ఉన్న రేకు పట్టీ పూర్తిగా పోయాయి. రెడీమేడ్ ప్యానెళ్ల కోసం వెతికాను. నేల రేకుల్లాంటివి సులువుగానే దొరికాయి, వాటి గురించి చెప్పుకోవడానికేం లేదు. వెనక కింది భాగానికి తెప్పించిన ప్యానెల్ మాత్రం వంపులో కాస్త చదునుగా ఉంది. దాన్ని సరిచేయడానికి పట్టే శ్రమతో కొత్తది చేసుకోవచ్చు అనిపించింది. అలా రేకు కొట్టడంలోకి దిగాను.

అయితే కన్వర్టిబుల్‌లో రేకు కన్నా ముందు ఆలోచించాల్సింది బాడీ నిటారుగా ఉందా లేదా అని. మామూలు కారులో బరువును నేల, స్తంభాలు, పైకప్పు కలిసి పంచుకుంటాయి. పైకప్పు లేకపోతే ఆ భారమంతా తలుపుల కింద సాగే సిల్స్ మీదే పడుతుంది. వాటిని లోపల్నుంచి తుప్పు తినేసి ఉంటే కారు నడుము దగ్గర కుంగుతుంది. కుంగిందో లేదో తలుపే చెప్పేస్తుంది. నా కారులో తలుపు వెనక అంచు దగ్గర, పైన గోరు కూడా దూరడం లేదు, కింద మాత్రం వేలి లావు సందు. ముందు స్తంభం, వెనక స్తంభం పైభాగంలో ఒకదాని వైపు ఒకటి ఒరిగాయన్నమాట. ఈ స్థితిలో పాత సిల్‌ను కొలిచి అచ్చంగా అలాంటిదే చేసి అతికిస్తే, కుంగిన కారును కుంగినట్టే శాశ్వతంగా బిగించేసినట్టు. పాత భాగం నమూనా కాదు. సరైన సందే నమూనా. ఈ పని మొత్తానికీ నేను పట్టుకున్న సూత్రం ఇదొక్కటే.

అందుకని బాడీని కింది ఛాసిస్ నుంచి విప్పలేదు. బోల్టులతో బిగించి ఉన్న ఆ ఛాసిస్సే నాకు తిన్నటి ఆధారం. కారును సమతలంగా స్టాండ్ల మీద నిలిపి, తలుపు ఖాళీలో 25 మి.మీ. చదరపు ఇనుప పైపులు అడ్డంగా, ఐమూలగా పెట్టాను. ఐమూల పైపు మధ్యలో టర్న్‌బకిల్ ఉండేలా చూసుకున్నాను. దాన్ని తిప్పితే స్తంభాల మధ్య దూరం కొద్దికొద్దిగా పెరుగుతుంది, తగ్గుతుంది. పైపులు తలుపు మూసుకోవడానికి అడ్డం రాకుండా లోపలి వైపుకు వెల్డ్ చేశాను. తలుపులో అద్దం, దాన్ని ఎత్తే యంత్రం అలాగే ఉంచాను. ఖాళీ తలుపుతో సందులు సరిచూసుకుంటే, అద్దం బిగించాక ఆ బరువుకు తలుపు దిగిపోయి మళ్లీ మొదటికొస్తుంది. నడుము కింద జాక్ పెట్టి కొంచెం ఎత్తడం, టర్న్‌బకిల్ తిప్పడం, తలుపు మూసి చూడడం. సందు పైనుంచి కిందిదాకా 4 మి.మీ.కి వచ్చేదాకా ఇదే పని. వచ్చాక పైపులన్నీ గట్టిగా బిగించేశాను.

సిల్స్‌ను ఒకటి పూర్తయ్యాకే రెండోది కోశాను, రెండూ ఒకేసారి ఖాళీ చేసే ధైర్యం నాకు లేదు. గియా సిల్ ఉత్త ఇనుప పెట్టె కాదు, వెనకున్న ఇంజిన్ నుంచి వేడి గాలి దాని గుండానే ముందుకు వస్తుంది. ఆ గొట్టం చుట్టూ చేరే తేమే దాన్ని లోపల్నుంచి తింటుంది. కొత్త సిల్‌కు 1.2 మి.మీ. రేకు వాడాను. ముందు అట్టతో మడతలన్నీ చేసి, కారు కింద పెట్టి చూసుకుని, ఆ తర్వాతే రేకు మీద గీసుకున్నాను. ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డ్ వేసిన చోట్ల పై రేకుకు 6 మి.మీ. చిల్లులు పెట్టి, వాటిని నింపుతూ కింది రేకుకు అతికే ప్లగ్ వెల్డ్ వేశాను. ఒక చివర ఒకటి, రెండో చివర ఒకటి, తర్వాత మధ్యలో. కొన్ని వెల్డ్‌లు పడగానే తలుపు మూసి చూడడం. ఆ చిన్న చప్పుడు కోసం ఎంత టెన్షన్ పడేవాణ్నో చెప్పలేను. ఇంకో మాట, ఈ కారులో పెట్రోల్ ట్యాంక్ ముందు డిక్కీ దగ్గర ఉంటుంది. వెల్డింగ్ మొదలుపెట్టకముందే దాన్ని తీసి దూరంగా పెట్టాను, బ్యాటరీ కూడా.

అసలు కష్టం, అసలు మజా కూడా, తలుపు వెనక ముక్క దగ్గర ఉన్నాయి. సిల్ అంటే మడతలే. ఈ ముక్క అలా కాదు. పైనుంచి కిందికి ఒక వంపు, ముందు నుంచి వెనక్కి ఇంకో వంపు. రెండు వైపులా వంగే రేకును మడతపెట్టి తేలేం, సాగదీయాలి లేదా కుదించాలి. కాగితం నమూనా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే కాగితం ఒక వైపుకే వంగుతుంది.

దీనికి రేకు పనివాళ్లు వాడే ఉపాయం టేపు నమూనా. చెడని వైపు ప్యానెల్‌ను శుభ్రంగా తుడిచి, దాని మీద తేలిగ్గా ఊడే టేపును పక్కపక్కన పట్టీలుగా అంటించాలి. ఆ పైన పోగులున్న గట్టి టేపును అడ్డంగా ఒక వరుస, నిలువుగా ఒక వరుస వెయ్యాలి. దాని మీదే మార్కర్‌తో అంచులు, మడత గీతలు, చిల్లులు, ఎటు పైన ఎటు ముందు అన్నీ రాసుకోవాలి. తర్వాత మొత్తాన్ని ఒలిచి, జిగురు వైపు పౌడర్ చల్లితే మెత్తటి తోలు ముక్కలా చేతికొస్తుంది. బల్ల మీద పెడితే ఆకారం ఉండదు, నలిగి పడి ఉంటుంది. కానీ ప్యానెల్ విస్తీర్ణం అందులో కచ్చితంగా ఉంటుంది. ఇంకా బాగున్న సంగతి, దాన్ని చొక్కా తిరగేసినట్టు లోపలిది బయటికి తిప్పితే కుడి వైపు నమూనా ఎడమ వైపుకు పనికొస్తుంది.

తిరగేసి ఎడమ వైపు పెట్టి చూశాను. పైభాగం చక్కగా కూర్చుంది. కిందికొచ్చేసరికి చక్రం చుట్టూ ఉన్న అంచు దగ్గర 3 మి.మీ. తేడా. మొదట నమూనా సాగిందేమో అనుకుని దాన్ని మళ్లీ కుడి వైపు పెట్టి చూశాను, అక్కడ అతికినట్టు సరిపోయింది. కారే రెండు వైపులా ఒకేలా లేదు. చేతితో రాకి ముగించిన బాడీకి ఇది వింతేమీ కాదు. అందుకని వంపును మాత్రం కుడి వైపు నుంచి తీసుకున్నాను. అంచులను ఎడమ వైపు మిగిలిన రేకు నుంచి, సరిచేసిన తలుపు సందు నుంచి తీసుకున్నాను. కుడివైపు అంచునే గుడ్డిగా కాపీ కొట్టి ఉంటే చక్రం పైన గీత వంకరగా కనపడేది.

బయటి ప్యానెల్‌కు 0.9 మి.మీ. సాదా సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీట్ తీసుకున్నాను. జింక్ పూత ఉన్నదాన్ని కావాలనే వద్దనుకున్నాను. వెల్డ్ చేస్తే వచ్చే పొగ మంచిది కాదు, వెల్డ్ కూడా శుభ్రంగా పడదు. రేకును అంచుల దగ్గర కాస్త ఎక్కువ ఉంచి కోసి, ఇసుక నింపిన తోలు సంచి మీద పెట్టి కొయ్య సుత్తితో మధ్యలో కొట్టాను. కొట్టగానే అది నలిగిన రేకు డబ్బాలా అవుతుంది, అది చూసి బెదరకూడదు. తర్వాత ఇంగ్లీష్ వీల్ మీద, పై చక్రానికీ కింది చక్రానికీ మధ్య ముందుకూ వెనక్కూ నడిపిస్తే గుంటలన్నీ కలిసిపోయి వంపు తేలుతుంది. వీల్ చేసేది రేకును సాగదీయడం. అంచుల దగ్గర మాత్రం కుదించాలి, దానికి ష్రింకర్ దవడలు ఉన్నాయి.

ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఆపాలో టేపు నమూనాయే చెబుతుంది. దాన్ని రేకు మీద పరిచి చేత్తో రాస్తే, కొన్నిచోట్ల వదులుగా ముడతలు పడుతుంది. అంటే అక్కడ రేకు ఇంకా చాల్లేదు, సాగదీయాలి. కొన్నిచోట్ల బిగుసుకుని అంచులు పైకి లేస్తుంది. అంటే అక్కడ రేకు ఎక్కువైంది, చుట్టుపక్కల సాగదీసి గానీ ఆ చోటే కుదించి గానీ సర్దాలి. చూసి పని చేసేవాళ్లున్నారు, నాకు మాత్రం అరచేతికీ రేకుకూ మధ్య పల్చటి గుడ్డ పెట్టి నెమ్మదిగా రాస్తేనే ఎగుడుదిగుళ్లు తెలిసేవి. కంటికి కనపడనిది వేలికి దొరుకుతుంది. నమూనా ఎక్కడా ముడత పడకుండా, ఎక్కడా బిగుసుకోకుండా కూర్చున్నాకే ముక్కను కారు దగ్గరికి తీసుకెళ్లాను.

అతికే ముందు పాత అతుకులోని సీసం తీయాలి. సీసం ఉన్నచోట వెల్డ్ నిలవదు. దాన్ని గ్రైండర్‌తో తీయడం మాత్రం ఎవరూ చేయకూడదు, ఆ దుమ్ము ఒంట్లోకి పోతే విషం. బర్నర్‌తో మెల్లగా వేడి చేస్తే సీసం మెత్తబడుతుంది, వైరు బ్రష్‌తో తీసి డబ్బాలోకి దులపాలి. మాస్క్, గాలి ఆడే చోటు, పని అయ్యాక చేతులు కడుక్కోవడం, ఇవన్నీ తప్పనిసరి.

కొత్త ముక్కను ఒకదాని మీద ఒకటి ఎక్కించి కాకుండా అంచుకు అంచు కలిపి అతికాను. ఎక్కించి వేసిన అతుకు తేలిక, నిజమే, కానీ ఆ రెండు పొరల మధ్య నీళ్లు చేరి మళ్లీ అక్కడే తుప్పు మొదలవుతుంది. చేత్తో తీగ అందిస్తూ చేసే టిగ్ వెల్డింగ్ ఎంచుకున్నాను. తీగ యంత్రం నుంచే వచ్చే మిగ్ తొందరగా అవుతుంది గానీ దాని పూస (అతుకు మీద మిగిలే లోహపు గీత) గట్టిగా ఉంటుంది, సుత్తితో పలచబరచడం కష్టం. టిగ్ పూస మెత్తగా ఉంటుంది. వెల్డ్ చల్లారేటప్పుడు కుదించుకుపోయి చుట్టూ రేకును లాగేస్తుంది కాబట్టి, ఒక ట్యాక్ (చుక్కంత వెల్డ్) వేశాక చెయ్యి పెట్టగలిగేంత చల్లారేదాకా ఆగి, లోపల డాలీ (ఆనించే ఇనుప దిమ్మ) పట్టుకుని బయట సుత్తితో కొట్టి ఆ పూసను మళ్లీ సాగదీసేవాణ్ని. తొందర ఉన్నవాళ్లు ఈ పనికి దిగకపోవడమే మంచిది.

అతుకు మీద పుట్టీ వెయ్యాలా సీసమా అన్నది పాత కార్లవాళ్ల మధ్య తెగని వాదన. నేను రెండూ వాడాను. తలుపు అంచు దగ్గర, అంటే రోజూ తట్టుకునే చోట, 30 శాతం తగరం 70 శాతం సీసం ఉన్న కడ్డీ వాడాను. అది 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలై, ఆ పైన కొంతసేపు వెన్నలా ఉంటుంది. ఆ స్థితిలోనే చెక్క తెడ్డుతో సర్దాలి. మంట ఇంకాస్త తగిలితే మొత్తం కారిపోయి నేల మీద పడుతుంది. ఆరాక ఆకురాయితోనే రాకాలి, ఇసుక కాగితం వద్దు. మిగతా చోట్ల పల్చటి పుట్టీ చాలు. అది 3 మి.మీ. మించిందంటే కింద రేకు పని సరిగ్గా జరగలేదని నా లెక్క.

ఇక టాప్ గుడ్డ వెనక అంచు బిగించే పట్టీ. ఇది వంపుగా సాగుతూ, దాని అంచు కిందికి మడిచి ఉంటుంది. గట్టి చెక్కను ఆ ఆకారానికి కోసి, అంచును గుండ్రంగా చేసి, రేకును దాని మీద పెట్టి, పైన ఇంకో చెక్క వేసి బిగించి, బయటికి వచ్చిన అంచును కొద్దికొద్దిగా సుత్తితో దించాను. వంపు బయటికి ఉన్నచోట అంచు ముడతలు పడుతుంది, కుదించాలి. లోపలికి ఉన్నచోట బిగుసుకుని చిరుగుతానంటుంది, సాగదీయాలి. ఒక్క దెబ్బలో దించేస్తే చిరుగుతుంది. చివరి నుంచి చివరికి తిరుగుతూ కొంచెం కొంచెం దించాలి.

ఆ పట్టీని వెంటనే వెల్డ్ చేయలేదు, క్లాంపులతో నిలబెట్టి టాప్ ఫ్రేమ్ మొత్తం బిగించి చూశాను. కన్వర్టిబుల్ అద్దాలకు చుట్టూ చట్రం ఉండదు. అవి ముందు స్తంభం రబ్బరుకూ పైన టాప్ అంచుకూ ఆనుకుంటాయి. పట్టీ కాస్త వెనక్కి జరిగితే గుడ్డ లాగుతుంది, ముందుకు జరిగితే వదులై గాలికి కొట్టుకుంటుంది. అద్దాలు పైకెత్తి, టాప్ మూసి, అంచుల్లో కాగితం ముక్క పెట్టి లాగి చూశాను. కాగితం అన్నిచోట్లా ఒకే బిగువుతో వచ్చేదాకా క్లాంపులు జరిపి, అప్పుడు వెల్డ్ వేశాను. పెయింట్ అయ్యాక ఈ తేడా బయటపడితే ఎంత ఖర్చో ఊహించుకోవచ్చు.

తలుపు ఖాళీల్లోని పైపులు అన్నిటికన్నా చివర కోశాను. కోసి, స్టాండ్లు తీసి, కారును చక్రాల మీద దించాక సందు మళ్లీ కొలిచాను. పైన కింద అర మిల్లీమీటరు తేడా వచ్చింది, తలుపు కీళ్ల దగ్గర సర్దితే సరిపోయింది. సిల్స్ లోపలికి సన్నటి గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (తుప్పును ఆపే మైనం) కొట్టాను, కింద నీళ్లు కారిపోయే చిల్లులు మూసుకుపోకుండా పుల్లతో పొడిచాను. ఇప్పుడు బాడీ మొత్తం ఎపాక్సీ ప్రైమర్‌లో ఉంది. ముందు ముక్కు దగ్గర పాత దెబ్బ ఒకటి మిగిలింది. దానికీ టేపు నమూనా తీసి పెట్టుకున్నాను.