నాయినమ్మ ఓటు

మొన్న హైదరాబాద్‌లో పబ్లిక్ గార్డెన్స్ పక్కనుంచి వస్తూ తెల్లటి పాత అసెంబ్లీ భవనం ముందు ఆగిపోయాను. నాయినమ్మ గుర్తొచ్చింది.

ఆమెది ఆలేరు దగ్గరి పల్లె. 1952లో, అప్పటి హైదరాబాద్ రాష్ట్ర అసెంబ్లీ ఎన్నికల్లో తొలిసారి ఓటేసింది, ఆరుట్ల కమలాదేవికి. "తుపాకి పట్టిన ఆడిబిడ్డకు ఏశిన్రా" అని చివరిదాకా చెప్పుకునేది. కమ్యూనిస్టులు తెలంగాణ సాయుధ పోరాటం విరమించి అప్పటికి కొన్ని నెలలే. పార్టీ మీద నిషేధం ఉండడంతో వాళ్లు పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డారు. నిన్నటిదాకా అడవుల్లో, జైళ్లలో ఉన్నవాళ్లు ఈ మెట్లెక్కి ప్రతిపక్షంలో కూర్చున్నారు. ఎదురుగా ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు గారు.

175 మంది సభ్యులు. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ మాట్లాడేవాళ్లంతా ఒకే కప్పు కింద! పాతబస్తీ నుంచి గెలిచిన మాసూమా బేగం కూడా ఉన్నారు. కౌలు రైతుల హక్కుల గురించి వాదించుకున్న సభ అది. భూమి కోసం అంత నెత్తురు పారాక, అదే భూమి గురించి మాటలతో కొట్లాడుకోవడం నాకు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

1956 నవంబరు 1న ఆ హైదరాబాద్ రాష్ట్రమే లేకుండా పోయింది. మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోకి, కన్నడ జిల్లాలు మైసూరులోకి, మనం ఆంధ్రప్రదేశ్‌లోకి. నాలుగేళ్లు పక్కపక్కన కూర్చున్నవాళ్లు వీడ్కోలు ఏ భాషలో చెప్పుకున్నారో.

గేటు బయట చాలాసేపు నిలబడ్డాను. నాయినమ్మ ఈ భవనాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.