తిత్లీ తెరిచిన ఉత్తరం

సంక్రాంతి అయిపోయి జనమంతా హైదరాబాదు వైపు ఎగబడుతుంటే నేను ఎదురెళ్ళాను. ఈ ఏడు పుష్య అమావాస్య పండగ వెళ్ళీ వెళ్ళగానే, ఆదివారం పడింది. నీహారికల, అంటే నక్షత్రాల మధ్య తేలే వాయువు మబ్బుల, ఫోటోలు తీసేవాళ్ళకి అమావాస్యను మించిన పండగ లేదు. విశాఖ నుంచి పలాస బస్సు సగం ఖాళీ. టెలిస్కోపు ఒక పెట్టె, దాన్ని మోసి తిప్పే మౌంటు ఒక పెట్టె, మౌంటు బరువు గుళ్ళు, బ్యాటరీ ఇంకో సంచీ. మూడింటినీ పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళాను.

సుఖమంతా కాశీబుగ్గ దాకానే. షేరాటోలో నలభై రూపాయల దూరానికి పెట్టెలు చూసి ఆరువందలన్నాడు. "పండగ రేటు సార్" అన్నాడు. పండగ అయిపోయింది కదయ్యా అంటే వారం దాకా పండగేనట. ఐదువందలకి తెగింది. ఆ మంట వజ్రపుకొత్తూరు దారిలో జీడిపూత వాసన తగిలేదాకా తగ్గలేదు.

శనివారం రాత్రి సముద్రం ఒడ్డున వృథా అయింది. ఇసకలో అన్నీ అమర్చుకున్నాక ఎత్తు స్తంభం మీద ఎల్ఈడీ దీపాలు వెలిగాయి. పట్టపగలే అయిపోయింది. తిట్టుకుంటూ సర్దేశాను. 1840లో డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు సొంత డబ్బుతో చుక్కల్ని చూసే వేధశాల కట్టిన విశాఖ మాది. ఈ రోజు అదే డాబాగార్డెన్స్‌లో నిలబడి తలెత్తితే లెక్కపెట్టగలిగినన్ని చుక్కలే మిగిలాయి. ఇంత దూరం వచ్చింది ఆ వెలుతురు తప్పించుకోడానికే. అది నాకంటే ముందే ఇక్కడికొచ్చి కూర్చుంది.

ఆదివారం మా ఆఫీసు కుర్రాడు వాళ్ళ మేనమామకి ఫోన్ చేసి ఉద్దానంలో ఆయన తోట చూపించమన్నాడు. ఆయనకి డెబ్భై దాటి ఉంటాయి. మోకాళ్ళ పైకి పంచె, చెవుల మీదుగా కట్టిన తువ్వాలు. నేను తాతా అన్నాను, ఆయన బాబూ అన్నాడు. తోట మధ్య కళ్ళం ఉంది, పక్కన గడ్డిమేటు. తాత లోపలికెళ్ళి పాక బయట బల్బు ఆర్పేసి వచ్చాడు. నేను అడక్కుండానే.

మా పనిలో మొదటి మెట్టు ధ్రువనక్షత్రం. భూమి నాలుగు నిమిషాలకొక డిగ్రీ తిరుగుతుంది. మూడు నిమిషాలు కెమెరా తెరిచి ఉంచితే ఆకాశం ఒకటిన్నర చందమామల వెడల్పు జరిగిపోతుంది. అందుకే మౌంటు ఇరుసుని ఉత్తర ధ్రువానికి గురిపెట్టి, భూమి తిరుగుడికి ఎదురు తిప్పుతాం. ఆ గురికి ధ్రువనక్షత్రం కావాలి. అది కూడా సరిగ్గా ధ్రువం మీద ఉండదు, అరడిగ్రీకి పైగా పక్కకుంటుంది, ఆ తేడా చూసి సర్దుకోవాలి. యూరప్ వాళ్ళకైతే అది యాభై డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. ఉద్దానంలో పంతొమ్మిదే. కొబ్బరిచెట్ల మధ్య పంతొమ్మిది డిగ్రీలంటే ఆకుల వెనకే.

ఉత్తరం వైపు తిరిగేసరికి గుండె జారింది. నల్లటి మట్టల గోడ. తాత నా వెనక నిలబడి, "ఏటి ఎతుకుతున్నావు బాబూ?" అన్నాడు. చెప్పాను. చెయ్యి పట్టుకుని కళ్ళం రెండో కొసకి తీసుకెళ్ళాడు. అక్కడ చెట్ల వరసలో నాలుగైదు చెట్ల వెడల్పున ఖాళీ. ఆ సందులో ధ్రువనక్షత్రం ఒక్కటే, ఎవరో దీపం పెట్టి వెళ్ళినట్టు.

"తిత్లీలో పడిపోనాయి" అన్నాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుపాను. ఆ రాత్రి నేను విశాఖలో టీవీ చూస్తూ కూర్చున్నాను. ఈయన ఈ పాకలో ఉన్నాడు. మళ్ళీ వేసిన మొక్కలు ఇంకా నా నడుమెత్తే ఉన్నాయి. వాటి పైనించే గురి కుదిరింది.

కెమెరా బిగించేముందు కంటితో చూసే ఐపీస్ పెట్టి ఆయనకి చూపించాను. ఒరియన్ నక్షత్రమండలం నడుం మూడు చుక్కల్ని తాత గొల్లకావిడి అన్నాడు. రాత్రి తోటకి నీళ్ళు పెట్టే రోజుల్లో అది ఎంత ఎక్కిందో, ఎంత వాలిందో చూసి టైము కట్టేవాళ్ళట. పిల్లలకోడిని, అంటే కృత్తికల్ని, నాకంటే ముందే చూపించాడు. ఆ కావిడి కింద వేలాడే మసక చుక్కే నేను వచ్చిన పని, ఎం42 అనే ఒరియన్ నీహారిక. తాత కళ్ళద్దాలు తీసి ఒంగాడు. కనురెప్పలు గాజుకి తగులుతున్నాయి.

"పొగలాగుంది. మద్దిన నాలుగు సన్న సుక్కలున్నాయి."

నీహారిక నడిమధ్య ట్రెపీజియం అనే గుంపు చుక్కలు నాలుగూ నేను చెప్పకుండానే పట్టేశాడు. చాలామందికి చెప్పినా దొరకవు.

తరవాత కెమెరా.  మధ్యభాగం మరీ ప్రకాశం, ఎక్కువసేపు తెరిస్తే తెల్లగా మాడిపోతుంది. దానికోసం ఐదేసి సెకన్లవి ఇరవై తీశాను, తరవాత మూడేసి నిమిషాలవి మొదలెట్టాను. అన్నిటినీ ఇంటికెళ్ళాక కంప్యూటర్లో పేర్చాలి. ఒక్క ఫోటోలో గరుకు చాలా ఉంటుంది, ముప్పై నలభై పేరిస్తే గరుకు తగ్గి వెలుగు నిలుస్తుంది. 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ ఈ నీహారికకే మొట్టమొదటి ఫోటో తీసినప్పుడు 51 నిమిషాలు ఒకే పలక మీద తెరిచి ఉంచాడు. కదలకుండా నిలపడానికి ఆయన పడ్డ కష్టం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మొదటి మూడు నిమిషాలయ్యాక తెర మీద ఎర్రగా విచ్చుకుంది. రెక్కలు చాపిన పక్షిలా. తాత తెర దగ్గరికి మొహం పెట్టి, "నా కంటికి ఈ ఎరుపు నేదేటి?" అని నిలదీశాడు.

అది హైడ్రోజన్ ఎరుపు. మధ్యనున్న కొత్త నక్షత్రాల వేడి వెలుగు చుట్టూ ఉన్న హైడ్రోజన్‌ని చీలుస్తుంది, అది మళ్ళీ అతుక్కునేటప్పుడు 656 నానోమీటర్ల ఎరుపు వదుల్తుంది. చీకట్లో మన కళ్ళు ఎరుపుకి దాదాపు గుడ్డివి. మామూలు కెమెరా కూడా లోపలి ఫిల్టరుతో అందులో చాలావరకు ఆపేస్తుంది. నా కెమెరాకి ఆ ఫిల్టరు తీయించాను. ఇంత సాగదీయకుండా, "రాత్రిపూట మన కళ్ళకి రంగు తెలీదు తాతా, చీకట్లో ఎర్రచీర నల్లగా అగుపడ్డం లేదూ?" అన్నాను. ఒప్పుకున్నాడు.

పదింటికల్లా మంచు కురవడం మొదలైంది. గొట్టం నిండా బొట్లు. తాత తల మీది తువ్వాలు విప్పి బ్యాటరీ మీద కప్పాడు. వద్దన్నా వినలేదు. తిత్లీ తరవాత చాలా రోజులు కరెంటు లేదని, ఇన్ని చుక్కలు అప్పుడే చూశానని చెప్పాడు. పడిపోయిన చెట్ల మీద కూర్చుని చూసేవాడట.

"ఈ పొగ ఎంత దూరం బాబూ?"

దాదాపు 1,340 కాంతి సంవత్సరాలు. శ్రీముఖలింగం గుడి కట్టకముందు బయల్దేరిన వెలుగు ఇప్పుడు మన కళ్ళంలో దిగుతోందన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత గొల్లకావిడికి కింద, తూర్పు పక్కగా దగదగలాడుతున్న చుక్కని చూపించాడు. "మరి అది?"

సిరియస్. 8.6 కాంతి సంవత్సరాలు. నోట్లోనే లెక్క కట్టాను. 2017.

"ఆ వెలుగు బయల్దేరినప్పుడు మీ చెట్లన్నీ ఉన్నాయి తాతా."

"అయితే అక్కడ్నించి ఎవులైనా సూస్తే, ఇప్పుడు నా తోట నిలబడే అగుపడతాదేటి?"

"ఆ."

అప్పటికి ముప్పై ఎనిమిది ఫ్రేములయ్యాయి. అరవై తీద్దామనుకున్నాను. కెమెరా విప్పి ఐపీస్ పెట్టి సిరియస్ మీదికి తిప్పాను. గురి మళ్ళీ కుదరాలంటే అరగంట పడుతుంది. తాత ఒంగి చాలాసేపు చూశాడు. తలెత్తి కళ్ళు పంచె కొంగుతో తుడుచుకుని మళ్ళీ ఒంగాడు. కెమెరా పెట్టెలోనే ఉంచేశాను.