షా పక్కన నడిచినవాళ్లు
అమెరికాలో బోస్టన్ కామన్ అనే పార్కు దగ్గర 54వ మసాచుసెట్స్ రెజిమెంట్ స్మారకం చూశాను. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది తరఫున పోరాడిన నల్లజాతి సైనికుల దళం అది. గుర్రం మీద దళాన్ని నడిపిన తెల్ల అధికారి కల్నల్ షా, పక్కనే నడుస్తున్న నల్లజాతి సైనికులు. ఊరూరా మనుషుల్ని ఈ దళంలో చేర్పించినవాళ్లలో ముఖ్యుడు జార్జ్ స్టెర్న్స్ అనే వ్యాపారి. 1863 జూలై 18న దక్షిణాది సేనల కోట ఫోర్ట్ వాగ్నర్ మీద దాడిలో షాతో పాటు ఎందరో పోయారు.

నన్ను కదలనివ్వనిది మాత్రం జీతం గొడవ. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. వీళ్లకు 10, అందులో బట్టలకని 3 కోత. సమానంగా ఇస్తేనే పుచ్చుకుంటామని ఏడాదికి పైగా పైసా ముట్టలేదు. తేడా మేం కడతాం అని మసాచుసెట్స్ రాష్ట్రం ముందుకొచ్చినా ఊహూఁ! ఇంటి దగ్గర పెళ్లాం పిల్లలు ఎలా నెట్టుకొచ్చారో పాపం. 1864లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ సమాన జీతానికి దిగొచ్చింది.

స్మారకం 1897 నాటిది. చనిపోయిన తెల్ల అధికారుల పేర్లు అప్పుడే ఎక్కాయి. సిపాయిల పేర్లు చెక్కింది 1980లలో, అదీ వెనకవైపు.