అమ్మమ్మను ఆపిన కొండ

మా అమ్మాయి పుట్టినప్పుడు మా అమ్మ తెనాలిలో సర్దిన సూట్‌కేసు పక్కన కూర్చుని ఉంది. హైదరాబాద్ నుంచి లండన్‌కి తన టికెట్ 2010 ఏప్రిల్ 16, శుక్రవారానికి. అంతకు రెండు రోజుల ముందు ఐస్‌లాండ్‌లో మంచు కప్పుకుని ఉన్న ఒక అగ్నిపర్వతం బద్దలైంది. గాలి మా వైపే వీచింది. గురువారం మధ్యాహ్నానికి బ్రిటన్ మీద విమానాలన్నీ ఆగిపోయాయి. ఆదివారం తెల్లవారుజామున మిల్టన్ కీన్స్‌లో నాకు నొప్పులు మొదలయ్యాయి.

తొలి కాన్పు. పక్కన అమ్మ లేదు. కాయం ఉండలు, నడుముకి కట్టుకోవడానికి పాత నేత చీర, సాంబ్రాణి, అన్నీ ఆ పెట్టెలోనే ఉండిపోయాయి. అమ్మ ఫోన్‌లో చెబుతుంటే మా ఆయన ఒక కవరు వెనకాల రాసుకుని, వాము నీళ్లు కాచి, వెల్లుల్లి కారం కలిపి పెట్టారు. మంగళవారం రాత్రికి మళ్లీ విమానాలు మొదలైనా, అప్పటికే ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. అమ్మకి 27న సీటు దొరికింది.

ఆ ఎదురుచూపుల్లోనే ఒక రాత్రి ఫోన్ చేసింది. "గంగమ్మ దారిన పోతుంటే జహ్ను మహర్షి మింగేసి ఆపాడు కదే. తర్వాత చెవిలోంచి వదిలాడు. అందుకే ఆవిడకి జాహ్నవి అని పేరు, జహ్నువు కూతురని. నన్ను కూడా ఆ కొండేదో మింగి కూర్చుంది. పిల్లకి జాహ్నవి అని పెట్టండి" అంది. అదే పెట్టాం.

ఆ పేరుని తుంచేసింది నేనే. నర్సరీలో టీచర్లు రోజుకో రకంగా పిలిచేవారు. నాలుగేళ్లకి స్కూల్లో చేర్చేటప్పుడు ఇచ్చిన ఫారంలో, పిల్లని ఏమని పిలవాలో రాయమని ఒక గడి ఉంది. నేను 'జానా' అని రాశాను. నన్ను ఎవరూ అడగలేదు, బలవంతపెట్టలేదు. పిల్ల రోజూ ఇబ్బంది పడకూడదని నాకు నేనే అనుకున్నాను. పదకొండేళ్లు స్కూల్లో, స్నేహితుల దగ్గర, చివరికి మా ఇంట్లో కూడా జానాగానే పెరిగింది. శనివారం తెలుగు క్లాసుకి రెండేళ్లు వెళ్లి మానేసింది. వీడియో కాల్‌లో అమ్మమ్మతో మాటలు "తిన్నావా?", "తిన్నా", "బాగా చదువుతున్నావా?", "ఊ" దగ్గర ఆగిపోయేవి. ఆ తర్వాత ఫోన్ నా చేతికి వచ్చేసేది.

2025 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం జాగ్రఫీ పాఠం ఉన్న కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఎయ్యాఫ్యాట్లయోకుట్ల్ అగ్నిపర్వతం గురించి ఉంది. "అమ్మా, ఇది నేను పుట్టిన వారం!" అంది. అమ్మమ్మ ఎందుకు రాలేకపోయిందో చెప్పాను. ఇంతకుముందు కూడా చెప్పానని నా నమ్మకం. తను మాత్రం అప్పుడే మొదటిసారి వింటున్నట్టు విన్నది. "దాన్ని చూడాలి" అంది. పదిహేనో ఏడు నిండబోతున్న పిల్ల మాతో కలిసి ఎక్కడికైనా వస్తానని తనంతట తాను అనడం చాలా రోజుల తర్వాత అదే. ఆ రాత్రే టికెట్లు చూశాం.

ఆగస్టు ఆఖర్లో తొమ్మిది రోజులు. లండన్ నుంచి విమానంలో మూడు గంటలు. అక్కడ కారు అద్దెకు తీసుకుని దేశం చుట్టూ తిరిగే ఒకటో నంబరు రోడ్డు పట్టుకున్నాం. మొత్తం 1,322 కిలోమీటర్లు. కుడి పక్కన నడపాలి. వాళ్లూ ఒకప్పుడు మనలాగే ఎడమ పక్క నడిపేవాళ్లు, 1968 మే 26న మార్చుకున్నారు. మా ఆయనకి మొదటి గంట టెన్షన్, తర్వాత అలవాటైపోయింది.

ఐస్‌లాండ్‌లో వాతావరణం గురించి చాలా చదువుకునే వెళ్లాం, అయినా సరిపోలేదు. విమానం దిగేసరికి ఎండ. అరగంటకి వడగళ్లు. సెల్యాలాండ్స్‌ఫాస్ జలపాతం వెనకవైపు నడుస్తుంటే కింద నుంచి నీళ్లు, పై నుంచి వాన, ఏది ఏదో తెలియలేదు. వాళ్ల భాషలో 'కిటికీ వాతావరణం' అనే మాట ఉంది. లోపల కూర్చుని కిటికీలోంచి చూడటానికి బాగుండే రోజు అని అర్థం. అలాంటి రోజునే మేం ఆ కొండ కింద రోడ్డు పక్కన కారు ఆపాం. పచ్చిక, గొర్రెలు, ఒక పొలం, దాని వెనక నేల నుంచి నెత్తి దాకా తెల్లటి మబ్బు. 1,651 మీటర్ల కొండ ఎటుందో కూడా తెలియలేదు.

అమ్మకి వీడియో కాల్ చేశాం. "ఏదీ, ఏం కనపడదేం?" అంది. జాహ్నవి నా వైపు తిరిగి, "క్లౌడ్‌ని ఏమంటారు?" అని అడిగింది. మబ్బు అన్నాను. "మబ్బు, అమ్మమ్మా" అంది ఫోన్‌లోకి. ఆ ఒక్క మాటకే అటువైపు మా అమ్మ ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను.

తూర్పుకి పోయాం. నల్ల ఇసుక బీచిలో అలలు ఉన్నట్టుండి పైకి వచ్చి మనుషుల్ని లాక్కుపోతాయి, పిల్లల చెయ్యి వదలకుండా నిలబడ్డాం. మా చిన్నాడికి పఫిన్ పక్షులు చూడాలని ఆశ. అవి చాలావరకు ఆగస్టు మధ్యకల్లా సముద్రం మీదికి వెళ్లిపోతాయి. అప్పటికే వెళ్లిపోయాయి కూడా. వాడు కాసేపు అలిగాడు.

నా మనసులో నిలిచిపోయింది మాత్రం స్కేయిదరార్ సాండుర్ అనే బూడిదరంగు మైదానం. వాత్నాయోకుట్ల్ అనే మహా మంచుదిబ్బ కరిగి వచ్చే నీళ్లు తెచ్చి పోసిన ఇసుక, కంకర, కంటికి ఆనినంత మేర. ఇక్కడ నదులు దారులు మార్చుకుంటూ ఉంటాయి. దేశం చుట్టూ రోడ్డు ఎంతోకాలం ఇక్కడే తెగి ఉండేది. దీనికి తూర్పు పక్కన ఉన్నవాళ్లు రాజధానికి పోవాలంటే ఉత్తరం వైపు నుంచి దేశమంతా చుట్టి రావాల్సిందే. 1974లో వంతెనలు కట్టాక ఆ చుట్టు పూర్తయింది. 1996లో మంచు కింద అగ్నిపర్వతం పేలి, నవంబరులో వరద వచ్చి వంతెనలు కొట్టుకుపోయాయి. మెలితిరిగిన రెండు ఉక్కు దూలాలు ఇప్పటికీ రోడ్డు పక్కన అలాగే ఉంచారు. జాహ్నవి వాటి మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. "మళ్లీ కట్టారా?" అని అడిగింది. కట్టారు, నెల తిరక్కుండానే బళ్లు నడిచేలా చేశారు అన్నారు మా ఆయన.

మంచుగడ్డలు తేలే యోకుల్సార్లోన్ సరస్సు దాటాక పెట్రోల్ బంకు దగ్గర ఆగాం. ఆ రోజు గాలికి పసుపు హెచ్చరిక ఉంది. అక్కడ గాలి వేగం సెకనుకి ఇన్ని మీటర్లని చెబుతారు, ఆ లెక్క మాకు ఒంటబట్టలేదు. తలుపు రెండు చేతులతో పట్టుకుని తియ్యాలని కారు ఇచ్చినప్పుడే చెప్పారు. చిన్నాడు మర్చిపోయాడు. గాలి తలుపుని లాగి విరిచినంత పని చేసింది. మళ్లీ మూసినా పైమూల సరిగ్గా అతకలేదు. అక్కడి నుంచి చివరిదాకా కారులో సన్నగా ఈల వినిపిస్తూనే ఉంది. ఇన్సూరెన్సులో గాలికి విరిగిన తలుపు రాదు, డబ్బు మేమే కట్టుకున్నాం.

మా ఆయన వాణ్ని గట్టిగా కేకలేశారు, తెలుగులో. వాడు కిక్కురుమనలేదు. రాత్రి పడుకోబోయే ముందు నా పక్కకి చేరి, నాన్న ఏమన్నారో నాకు సగమే అర్థమైంది, కోపంగా ఉన్నారని మాత్రం తెలిసింది అన్నాడు, ఇంగ్లీషులో. నాకు నిద్ర పట్టలేదు. మా ఇంట్లో తెలుగు దేనికి మిగిలిందని లెక్కేసుకున్నాను. అన్నానికి పిలవడానికి, కసరడానికి. హోంవర్కు, జోకులు, గుడ్‌నైట్, ముద్దులు అన్నీ ఇంగ్లీషులోనే. ప్రేమంతా ఒక భాషలో ఇచ్చి, కోపం ఇంకో భాషలో ఇస్తే పిల్లలు దేని దగ్గరికి వస్తారు? పద్యాలు అప్పజెప్పించలేదని, పోటీలకి పంపలేదని నేను బాధపడేదాన్ని. ఆ రాత్రి నుంచి నాకు ఇదే పెద్ద విషయంగా కనిపిస్తోంది. పొద్దున్నే వాళ్ల నాన్న వాణ్ని దగ్గరికి తీసుకుని "పోనీలేరా కన్నా, తలుపే కదా" అన్నారు. వాడికి అర్థమైంది.

తూర్పు తీరమంతా పొగమంచు. ఒకే బండి పట్టే వంతెనలు చాలా వస్తాయి, ఎవరు ముందు దగ్గరికొస్తే వాళ్లు దాటాలి, రెండోవాళ్లు ఆగాలి. ఉత్తరానికి వచ్చాక ఎండ కాసింది. కొండవాలుల్లో నీలం రంగు పళ్లు కోసుకుని తిన్నాం. అకురేయ్రి అనే ఊళ్లో ఎర్ర సిగ్నల్ లైటు గుండె ఆకారంలో ఉంటుంది, చిన్నాడు దానికి ముప్ఫై ఫోటోలు తీశాడు. బస దగ్గర వంటిల్లు ఉంది కాబట్టి అన్నం వండుకున్నాం. వాళ్ల స్కీర్ మన గడ్డపెరుగు కన్నా చిక్కన. కాసిని పాలు పోసి కలిపితే పెరుగన్నంలోకి చక్కగా కుదిరింది. ఆవకాయ మాత్రం అమ్మ పంపిందే.

అసలు విషయం ఉత్తరాన ఒక చిన్న ఊరి ఈతకొలనులో జరిగింది. అక్కడ దాదాపు ప్రతి ఊరికీ భూమిలోంచి వచ్చే వేడినీళ్లతో ఆరుబయట కొలను ఉంటుంది. పక్కనే 'వేడి కుండ' అని పిలిచే చిన్న తొట్టి. మన అరుగుల్లాగా, రచ్చబండల్లాగా ఊళ్లోవాళ్లు సాయంత్రం అందులో మెడలోతు కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. నెత్తిన చల్లటి తుంపర, ఒంటికి కాగిన నీళ్లు. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దావిడ మా అమ్మాయిని పేరు అడిగింది. "జానా" అంది. ఆవిడ నవ్వి, పూర్తి పేరు అదేనా అంది. మా అమ్మాయి నా వైపు చూసి, మెల్లగా "జాహ్నవి" అంది.

ఆవిడ ఒకసారి పలికింది. హకారంతో సహా. నేను ఉలిక్కిపడ్డాను. మన దగ్గరే చాలామంది 'జాన్హవి' అంటారు. మా భాషలో ఆ శబ్దం చాలా మాటల్లో ఉంది, 'హ్నీవుర్' అంటే కత్తి అని చెప్పి, మా అమ్మాయి చేత కూడా పలికించింది. తర్వాత వాళ్ల పేర్ల సంగతి చెప్పింది. వాళ్లలో చాలామందికి ఇంటిపేర్లు ఉండవు. తండ్రి పేరుకో, తల్లి పేరుకో చివర కొడుకైతే 'సోన్', కూతురైతే 'డోహ్తిర్' చేర్చుకుంటారు. పెళ్లయినా మారదు. దేశాధ్యక్షుల్ని కూడా అసలు పేరు పెట్టే పిలుస్తారు. 1980లో అధ్యక్షురాలిగా గెలిచిన విగ్దీస్‌ని అందరూ విగ్దీస్ అనే అంటారట.

"నీ పేరుకి అర్థం ఏమిటి?" అని అడిగింది. జాహ్నవి కథంతా చెప్పింది, గంగ, మహర్షి, చెవి, అన్నీ. నేను ఎప్పుడో చెప్పినవి ఇంత గుర్తున్నాయని నాకు తెలియదు. జహ్నువు కూతురు అని చెప్పగానే ఆవిడ, "అయితే నువ్వూ డోహ్తిర్‌వే" అంది.

ఆ దేశ జనాభా 4 లక్షల లోపు. మన తెలుగువాళ్లం 2011 లెక్కల్లోనే 8 కోట్ల పైమాట. వాళ్లు కంప్యూటర్‌కి 'తోల్వా' అని సొంత మాట చేసుకున్నారు, అంకె అనే మాటనీ జోస్యం చెప్పే స్త్రీ అనే పాత మాటనీ కలిపి. కొండ పేరు కూడా దీవులు, కొండలు, మంచుదిబ్బ అనే మూడు మాటల సమాసమే. ఆ సాయంత్రం కారులో వెళ్తూ జాహ్నవి దాన్ని ముక్కలుగా విడగొట్టి తమ్ముడికి నేర్పింది. కాసేపాగి, "అమ్మా, ఆ ఫారంలో జానా అని ఎందుకు రాశావు?" అని అడిగింది. నీకు ఇబ్బంది అవుతుందని భయపడ్డాను, తప్పు చేశాను అన్నాను. ఏమీ అనలేదు. ఈల వేస్తున్న తలుపుకి తల ఆనించి పడుకుంది.

ఆఖరి రోజు మధ్యాహ్నం విమానం. ముందు రాత్రి రాజధాని రెయిక్యావిక్‌లో వాతావరణ సూచన చూస్తే దక్షిణాన పొద్దున కొన్ని గంటలు మబ్బు విడుస్తుందని ఉంది. వెళ్లడానికి 130 కిలోమీటర్లు, రావడానికి అంతే. మా ఆయన పిల్లల్ని నాలుగున్నరకే లేపారు.

దారంతా వాన. సెల్యాలాండ్ దగ్గర తెరిపి ఇచ్చింది. పొలాల ముందు కారు ఆపి నిలబడ్డాం. ఏడున్నర దాటాక మబ్బు పై నుంచి కాకుండా మధ్యలోంచి చిరిగింది. ముందు ఒక నల్లటి రాతి భుజం, దాని మీద మంచు. అంచు ఎక్కడో, ఆకాశం ఎక్కడో తెలియనంత తెలుపు.

తెనాలిలో మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, అమ్మ అప్పుడే భోంచేసింది. ఫోన్ జాహ్నవి చేతిలోనే ఉంది.

"అమ్మమ్మా, చూడు. నిన్ను మింగింది ఇదే."

అమ్మ కళ్లజోడు వెతుక్కుని పెట్టుకుంది. "ఇదేనా? నల్లగా, భయంకరంగా ఉంటుందనుకున్నానే. మల్లెపూవులా ఉంది" అంది. "చెవులకేమన్నా కట్టుకో తల్లీ, ఆ గాలి చూడు."

నేను ఫోన్ నాకివ్వమని చెయ్యి చాపాను. అలవాటు. జాహ్నవి ఇవ్వలేదు. కొంచెం పక్కకి నడిచి, మాటలు కూడబలుక్కుంటూ, "అమ్మమ్మా, అప్పుడు నీ సూట్‌కేసులో ఏం ఉన్నాయి?" అని అడిగింది.

అమ్మ ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత మొదలుపెట్టింది. పాత నేత చీర రెండు ముక్కలు. సాంబ్రాణి. నీకు వెండి మొలతాడు. మీ అమ్మకి కాయం ఉండలు, రెండు డబ్బాలు.

"కాయం అంటే?"

"శొంఠి, మిరియాలు, పిప్పళ్లు దంచి బెల్లప్పాకంలో..."

"శొంఠి అంటే?"

మబ్బు మళ్లీ దిగి కొండని మూసేసింది. మా ఆయన గడియారం చూసుకున్నారు. నేను కారులో కూర్చుని తలుపు రెండు చేతులతో లాగి వేసుకున్నాను. అద్దంలోంచి మా అమ్మాయి కనిపిస్తోంది, హుడ్ చెవుల మీదికి లాక్కుని, గాలికి వీపు పెట్టి నిలబడి, ఇంకా అడుగుతూనే ఉంది.