నట్టల పరీక్షకు పోతే నవ్వారు

నిన్ననే మా మేకల పెంటికల పరీక్ష రెండో రిపోర్టు చేతికొచ్చింది, ఆ కోపం చల్లారకముందే రాస్తున్నా. వానలకు పచ్చిక లేచాక మా మందలో మేకపిల్లలు నీరసించాయి. కొన్నిటికి దవడ కింద నీరు దిగింది. కంటిరెప్ప విప్పి చూస్తే లోపల సున్నంలా తెల్లగా ఉంది. నాలుగో పొట్టలో చేరి రక్తం తాగే హీమాంకస్ నట్ట పని అది. ఒక్క ఆడనట్ట రోజుకు వేల గుడ్లు పెడుతుంది. నట్టల మందు అల్బెండజోల్ తాగించినా గుణం లేదు. అందుకే పెంటికల్లో నట్టగుడ్లు లెక్కపెట్టే పరీక్ష.

నమూనా తీయడం సులువే. నేల మీదవి కాకుండా మేక ఆసనం నుంచే తీసి, కవర్లో గాలి లేకుండా కట్టి, ఐసు డబ్బాలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయాను.

అక్కడ మొదలైంది. బల్ల దగ్గరి మనిషి డబ్బా తెరిచి, "ఏందన్నా, పెంటికలకు ఐసా? సోడా ఏది మరి?" అన్నాడు. టీ తాగుతున్నవాళ్లంతా నవ్వారు. కవరు తీసి కిటికీలో పెట్టి రేపు రమ్మన్నాడు. "వేడిలో ఉంటే ఒక్క రోజుకే గుడ్లు పొదిగిపోతాయి, లెక్కకు అందవు సార్" అంటే, "నువ్వేమన్నా డాక్టరువా?" అని మొహం తిప్పుకున్నాడు. మర్నాడు చీటీ ఇచ్చారు: గుడ్లు లేవు. దవడ వాచిన మేకపిల్ల ఇంట్లో నిలబడలేక పడుకుని ఉంటే, గుడ్లు లేవట! ఇరవై ఏళ్లుగా మేకలు కాస్తున్నవాడికి చెప్పే మాటా అది?

ఆ చీటీ పట్టుకుని లోపలున్న డాక్టరమ్మ దగ్గరికి నేరుగా పోయాను. ఆమె తాజా నమూనా తెప్పించి, నా ముందే స్లైడు మీద లెక్కపెట్టింది. పిల్లలవి గుడ్లే గుడ్లు. అదే బీట్లో మేసిన ముసలి మేకలవి చాలా తక్కువ. ఎందుకని అడిగితే ఓపిగ్గా చెప్పింది. నట్టలు మళ్లీ మళ్లీ సోకితే ఒంట్లో వాటి మీద యాంటీబాడీలు, ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు పెరుగుతాయి, పొట్ట లోపలి జిగురు కొత్త పిల్లనట్టల్ని అంటుకోనివ్వదు. కానీ ఆ శక్తి రావడానికి నెలలు పడుతుంది. పొదల ఆకు కొరికే జాతి కాబట్టి నేల గడ్డిలోని నట్టలతో మేకకు పని తక్కువ, అందుకే దానికి ఆ శక్తి గొర్రెకు వచ్చినంత గట్టిగా రాదు. ఈనే రోజుల్లో మళ్లీ సడలిపోతుంది. అందుకే చూడి మేకలకు వేరుశనగ చెక్క పెట్టమంది, మాంసకృత్తులు లేనిదే ఒళ్లు పోరాడలేదని.

అల్బెండజోల్ పోసిన రెండు వారాలకు మళ్లీ లెక్కపెడితే గుడ్లు పెద్దగా తగ్గలేదు. నట్టలకు ఆ మందు అలవాటైపోయింది. వేరే రకం మందు రాసింది, మోతాదు మేకల లెక్కన. మేక ఒంట్లో మందు త్వరగా కరిగిపోతుంది కాబట్టి గొర్రె మోతాదు చాలదట. మందుల షాపువాడు ఈ ముక్క ఏనాడూ చెప్పలేదు, సీసాలు మాత్రం డజన్లు అమ్మాడు.

మీరూ కళ్లు పాలిపోయిన వాటికే తాగించండి, మంద మొత్తానికి పోయొద్దు, నట్టలకు మందు త్వరగా అలవాటైపోతుంది. రిపోర్టులో గ్రాముకు ఎన్ని గుడ్లో అంకె రాయించుకోండి. ఉత్తినే "లేవు" అని రాసిస్తే ఆ చీటీ వాళ్ల బల్ల మీదే పెట్టి రండి.