భక్తుల ఊళ్లో ఐదున్నరేళ్లు

తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీ 1960లో మొదలైంది. అప్పట్నించీ బయటి జిల్లాల పిల్లలు మొదటి నెలలో చేసే పొరపాటు ఒకటుంది, భక్తుల తిరుపతినే తమ తిరుపతి అనుకోవడం. బస్టాండు, రైల్వేస్టేషను చుట్టుపక్కల గదులు రోజు అద్దెకు అలవాటు పడ్డవి. అక్కడి హోటళ్లకు మళ్లీ రాని మనిషికి వడ్డించడం అలవాటు. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ గడపాల్సినవాళ్లు హాస్టల్ దొరక్కపోతే భవానీ నగర్, కేటీ రోడ్డు, బాలాజీ కాలనీ వీధుల్లో నడిచి వెతుక్కోవాలి. అద్దె ఎంతని అడిగే ముందు గేటు ఎన్నింటికి వేస్తారో అడగండి. నైట్ డ్యూటీలు మొదలయ్యాక ఆ ప్రశ్నే ముఖ్యం. నీళ్లు ఏ వేళకు వదులుతారు, ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చు అడ్వాన్సులో కోస్తారా, ఇంట్లో మాంసం వండనిస్తారా అన్నవి ఆ తర్వాత.

సీటొచ్చిందని తెలిసిన రోజునుంచి చుట్టాలందరికీ మీరే దేవస్థానం. 300 రూపాయల దర్శనం టికెట్లు నెలనెలా ఆన్‌లైన్‌లో విడుదలవుతాయని, మెడికల్ విద్యార్థులకు కోటా ఏదీ లేదని మొదటి ఫోన్లోనే చెప్పేయాలి. లేకపోతే అలిపిరి 3550 మెట్లూ నెలకోసారి వాళ్లతో ఎక్కుతూ ఉంటారు. థియరీకి 75, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు కావాలన్న సంగతి చుట్టాలకు పట్టదు. పండక్కి ఇంటికెళ్లాలన్నా భక్తులతోనే పోటీ. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరిచినప్పుడే చూసుకోవాలి. తిరుపతి నుంచి లేకపోతే రేణిగుంట నుంచి చూడండి. చెన్నై, ముంబై మధ్య తిరిగే బండ్లు చాలావరకు తిరుపతి ముఖం చూడకుండా రేణిగుంటలోనే ఆగి ముందుకెళ్తాయి.

ఇక శవాలను కోసి శరీర నిర్మాణం నేర్చుకునే డిసెక్షన్ హాలు. మొదటి వారమంతా కళ్లు మండుతాయి. అది శవాలు కుళ్లకుండా వాడే ఫార్మలిన్ ఆవిరి, టేబుల్ మీదికి వంగేకొద్దీ ఎక్కువ తగులుతుంది. కాంటాక్ట్ లెన్సులున్నవాళ్లు అక్కడికి కళ్లజోడుతోనే వెళ్లాలి. హాల్లో వేసుకున్న ఆప్రాన్‌ను మెస్సుకు తేకూడదు, మిగతా బట్టలతో నానబెట్టకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురులో ఉతికింది రెండ్రోజులకు కూడా ఆరదు కాబట్టి మూడు ఆప్రాన్లు దండగ కాదు.

పరికరాల పెట్టె కొనేటప్పుడు బ్లేడుకూ పిడికీ జత చూసుకోవాలి. 22 నంబరు బ్లేడు 4 నంబరు పిడికి పడుతుంది. 10, 11, 15 బ్లేడ్లకు 3 నంబరు పిడి కావాలి. జత తప్పితే బ్లేడు ఎక్కదు, బలవంతంగా ఎక్కిస్తే వేలు తెగుతుంది. జత సరిపోయినా చేత్తో కాదు, పట్టకారులాంటి ఆర్టరీ ఫోర్సెప్స్‌తో పట్టుకుని గాడిలోకి జరపాలి. మొదటి గాటు లోతుగా పెట్టారా, చర్మం కింది కొవ్వుపొరలో ఉండే సన్నటి నరాలు దాంతోనే పోతాయి. తర్వాత పుస్తకం పట్టుకుని ఎంత వెతికినా కనబడవు. చర్మం లేచాక బ్లేడు పక్కనపెట్టి, ఫోర్సెప్స్ మొనలు మూసి దూర్చి తెరుస్తూ పోతే పొరలు వాటంతటవే విడతాయి. లేచేముందు తడిగుడ్డ కప్పడం మరిచిపోతే మర్నాటికి కండరం ఎండుతోలే.

ఎముకల సెట్టు సీనియర్ల దగ్గర దొరుకుతుంది. సగం సెట్టంటే అన్నీ ఒకే పక్కవి ఉండాలి. కుడి తొడ ఎముకా ఎడమ భుజం ఎముకా కలిపి అంటగట్టేవాళ్లుంటారు. మణికట్టువి ఎనిమిదీ దారానికి గుచ్చి ఉన్నాయో లేదో లెక్కపెట్టండి, బఠాణీగింజంత పిసిఫారం ముందు మాయమవుతుంది. రంగులు వేసినదైతే ఎరుపు కండరం పుట్టేచోటు, నీలం అతుక్కునేచోటు. అయితే ఏ సీనియరో నిద్రమత్తులో గీసిన గీత కావచ్చు, పుస్తకంతో సరిచూసుకోవాలి.

కాలేజీకి అనుబంధమైన రుయా ఆసుపత్రి వార్డుల్లో అడుగుపెట్టాక అసలు ఊరు ఎదురవుతుంది. కోస్తా నుంచి వచ్చినవాళ్లు మనకు తెలుగు వచ్చుగదా అని ధీమాగా ఉంటారు. ఇక్కడ బేదులంటే విరేచనాలు, గల్ల అంటే కఫం, గస అంటే ఆయాసం. 'మాపు మాపు జరమొస్తాది సామీ' అంటే జ్వరం సాయంత్రాలు వస్తోందని, క్షయ ఉందేమో చూడాల్సిన మాట. 'నాలుగు దినాలుగా దగ్గు' అన్నప్పుడు నాలుగు లెక్కకు నాలుగు కాదు, కొన్నాళ్లుగా అని. రెండు వారాలు దాటిన దగ్గుకు గల్ల పరీక్ష చేయించాలి కాబట్టి ఆ తేడా తేల్చుకోక తప్పదు. తేదీ అడిగితే తేలదు. 'పోయిన అమావాస్యకు ముందునించా, తర్వాతా?', 'చెనక్కాయ పీకేనాటికే ఉందా?' అంటే సరైన లెక్క వస్తుంది.

నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు నుంచి వచ్చేవాళ్లకు కాస్త అరవం కూడా కావాలి. కాచ్చల్ జ్వరం, ఇరుమల్ దగ్గు, వయిత్తు వలి కడుపునొప్పి, మయక్కం కళ్లు తిరగడం. 'ఎత్తన నాళా?' అంటే ఎన్నాళ్లుగా అని. ఈ ఐదు ముక్కలతో ఓపీ గడుస్తుంది, జవాబు అర్థం కావడానికి ఇంకో ఆర్నెల్లు పడుతుంది.

కామెర్లకు ఆకుమందు మింగారా అని అడిగేటప్పుడు గొంతులో ఎగతాళి వినబడకూడదు. వినబడిందా, లేదనేస్తారు. పాముకాటుకు కాలికి తాడు కట్టుకొచ్చినప్పుడూ అంతే. అది ఎప్పుడు కట్టారో తెలియాలి, చూసిన వెంటనే పుటుక్కున కోసేయకూడదు, డ్యూటీ డాక్టరు వచ్చాకే విప్పాలి. మోసుకొచ్చిన మగవాళ్లు కంగారులో తలో వేళ చెబుతారు. వెనకాల సంచి పట్టుకుని నిలబడ్డ అవ్వనడగండి.